పాతకాలపు ఫోక్, కంట్రీ పాప్ బాణీలో తొలి ఆల్బమ్: ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్ళకు

అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నుంచి 1960లలో వచ్చిన రికార్డు ఏదైనా పెట్టుకుని, ఒకేసారి ఎన్ని వాయిద్యాలు మోగుతున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. పది మంది కూర్చున్న సెషన్‌లో కూడా ఒక క్షణంలో చెవికి అందేవి మూడో నాలుగో. గాయని లైను పాడుతున్నంతసేపూ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది) ఊరుకుంటుంది. ఆమె ఊపిరి తీసుకునే చోట ఒక్క జారు వేసి తప్పుకుంటుంది. తర్వాతి ఖాళీ పియానోది, ఆ తర్వాతది కోరస్‌ది. ఓవెన్ బ్రాడ్లీ, చెట్ ఆట్కిన్స్ లాంటి నిర్మాతలు 1950ల చివర్లో పల్లెటూరి ఫిడేలును, బాంజోను వెనక్కి తగ్గించి, మెత్తని స్ట్రింగ్స్‌ను (వయొలిన్ల బృందాన్ని), కోరస్‌ను ముందుకు తెచ్చి స్థిరపరచిన పద్ధతి ఇది. ఫోక్, కంట్రీ పాప్‌లో ఇవాళ రెట్రో అని వింటున్న దాంట్లో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే.

కాబట్టి టేపు హిస్సు, రికార్డు చిటపటలు కలిపే ప్లగిన్లతో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములతో) మొదలుపెట్టకండి. పాట నిండా వాయిద్యాలు కుక్కేసి పైన హిస్సు చల్లితే ఏ కాలానికీ చెందని గందరగోళం మిగులుతుంది. ఎవరు ఎక్కడ వాయించాలి, ఎవరు ఎక్కడ ఊరుకోవాలి అన్నది కాగితం మీద తేల్చుకున్నాకే మైకు పెట్టాలి. కింద చెప్పే వివరాలన్నీ ఆ ఒక్క పని కోసమే.

పాట, దాని కొలత

ఆ కాలపు సింగిల్స్ ఎక్కువగా రెండున్నర నిమిషాల చుట్టూ ఉండేవి. ఇంట్రో 4 బార్లు (బారు అంటే తాళంలో ఒక ఆవర్తం) దాటనివ్వకండి. 8 బార్ల చరణం, 8 బార్ల పల్లవి, మళ్ళీ చరణం, పల్లవి, 8 బార్ల స్టీల్ లేదా గిటార్ సోలో, చివరి పల్లవి. ఇంకో పాత కొలత 32 బార్లది: ఒకే బాణీలో రెండు చరణాలు, బాణీ మారే బ్రిడ్జ్, మళ్ళీ మొదటి బాణీ, ఒక్కోటి 8 బార్లు. దీంట్లో విడిగా పల్లవి ఉండదు. పాట పేరు ప్రతి చరణం మొదటి లైనులోనో చివరి లైనులోనో పడుతుంది.

పది పాటల్లోనూ ఒకే 4/4 స్ట్రమ్మింగ్ ఉంటే మూడో పాటకే చెవి అలసిపోతుంది. నడక ముందే పంచుకోండి. 3/4 వాల్ట్జ్‌లు రెండు, నిమిషానికి 90 నుంచి 105 బీట్లు. నెమ్మది 12/8 (ఒక్కో బీటు మూడుగా విడేది) ఒకటి, 60 నుంచి 70. రైలు నడక పాటలు రెండు, 100 నుంచి 110. షఫుల్ (ఒక్కో బీటు పొడుగు, పొట్టి భాగాలుగా ఊగే నడక) రెండు, 110 నుంచి 125. డ్రమ్స్ అసలు లేకుండా వేళ్ళతో మీటే గిటార్ పాటలు రెండు మూడు. ఇలా పంచుకున్నాక ఏ నడకలో పాట తక్కువైందో దాన్ని రాయండి. చేతిలో ఉన్న ఇరవై పాటల్లోంచి బాగున్న పది ఏరితే ఆల్బమ్ సాధారణంగా నెమ్మది పాటల కుప్పగా తేలుతుంది.

తెలుగులో రాసేవాళ్ళకు రెండు చిక్కులున్నాయి. మొదటిది ప్రాస. ఇంగ్లీషు కంట్రీ పాట లైను చివరి ప్రాస మీద నడుస్తుంది. మన క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి కాబట్టి "వెళ్ళాను, చూశాను, నిలిచాను" అని ఎన్ని లైన్లయినా కలిసిపోతాయి. అంత తేలిగ్గా దొరికిన ప్రాస చెవికి ఆనదు. లైనును పేరుపదంతో ముగించి చూడండి: "కిటికీ", "చలి", "ఆఖరి బస్సు". వెంటనే ప్రాసకు బరువొస్తుంది, పాటలోకి వస్తువులు కూడా వస్తాయి. ఈ సంప్రదాయానికి వస్తువులే ప్రాణం. "నువ్వు లేవు" అని మూడు సార్లు పాడేకంటే రెండో గ్లాసు ఇంకా బోర్లించే ఉందని ఒక్కసారి పాడండి.

రెండోది గురులఘువులు. బూమ్-చిక్ నడకలో, అంటే ఒక బీటుకు మంద్ర తీగ, తర్వాతి బీటుకు పై తీగలు మోగే నడకలో, 1, 3 బీట్లు బరువైనవి. అక్కడ గురువు పడితే మాట కుదురుగా కూర్చుంటుంది. "ఊరు", "రైలు", "పాత" ఇలాంటివి. "మనసు"లో మూడూ లఘువులే. బరువు బీటు మీద "మ"ను సాగదీస్తే అది "మానసు" అయిపోతుంది. అలాంటి మాటను బీటుకు అర ముందు ఎత్తుకుని, మూడక్షరాలనూ త్వరగా దించేసి, తర్వాతి గురువు మీద ఆగాలి. బాణీ కట్టాక మాటలు ఇరికించేవాళ్ళకు సగం పాటలు ఇక్కడే చెడతాయి.

శృతి ఎంచుకునేటప్పుడు గిటార్ సౌకర్యం చూడకండి, కాపో (గిటార్ మెడకు బిగించి శృతి పెంచే పట్టీ) ఉన్నది అందుకే. పల్లవిలో అన్నిటికంటే పై స్వరం, మీ గొంతు ఛాతీ నుంచి తలలోకి మారే చోట పడాలి. కంట్రీ గొంతులో వినిపించే ఆ చిన్న విరుపు అక్కడే పుడుతుంది. శృతి ఒక స్వరం ఎక్కువైతే ప్రతి లైనులోనూ విరుగుతుంది, తక్కువైతే అసలు విరగదు. పాటకు ఒకటి రెండు మాటల మీదే విరిగే శృతి దొరికేదాకా కాపోను ఒక్కో ఫ్రెట్టు జరుపుతూ పాడి చూడండి. చివరి పల్లవిని అరస్వరం పైకెత్తడం పాత ఎత్తు. ఆల్బమ్ మొత్తానికి ఒక్క పాటలో చాలు.

నంబర్ చార్టు

జోర్డనేర్స్ కోరస్ బృందంలోని నీల్ మాథ్యూస్ జూనియర్ 1950ల చివర్లో కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లకు బదులు అంకెలు రాసుకునే పద్ధతి తెచ్చాడు. చార్లీ మెకాయ్ లాంటి సెషన్ వాద్యకారులు దాన్ని నాష్‌విల్ అంతా పాకించారు. సరిగమలు తెలిసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ లేదు: 1 అంటే స, 4 అంటే మ, 5 అంటే ప, మైనర్ 6 అంటే ద. గాయని గొంతు బాగాలేక శృతి తగ్గించినా కాగితం మార్చక్కర్లేదు.

బారుకు ఒక అంకె, లైనుకు నాలుగు బార్లు రాయండి. 16 బార్ల చరణం ఇలా ఉండొచ్చు: 1 1 4 1, 1 1 5 5, 1 1 4 4, 1 5 1 1. దీని కింద రెండో వరుస ఒకటి గీయాలి. పాడే లైను ఎక్కడ ముగుస్తుందో గుర్తు పెట్టి, మిగిలిన ప్రతి ఖాళీలోనూ ఒకే ఒక్క పేరు రాయండి: 4వ బారు స్టీల్, 8వ బారు పియానో, 12వ బారు స్టీల్, 16వ బారు కోరస్. కొన్ని గళ్ళు ఎవరికీ ఇవ్వకుండా వదలండి. మొదటి చరణంలో గిటార్, బాస్ తప్ప ఏమీ లేకపోయినా పర్వాలేదు. ఈ రెండో వరుస రాయకుండా అందరితోనూ వాయింపజేస్తే ఒక్కొక్కరూ తమ ముచ్చటైన ముక్కను అదే ఖాళీలో వేస్తారు. మిక్సింగ్‌లో వాటిని తీసేయడానికి రోజులు పడుతుంది.

వాయిద్యాలు ఒక్కొక్కటిగా

రిదమ్ గిటార్ పునాది. డ్రెడ్‌నాట్ (పెద్ద పొట్ట ఉన్న) గిటార్‌కు 12-53 మందం ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేసి, వారం పాటు వాయించి, ఆ తర్వాత రికార్డు చేయండి. కొత్త తీగల తళుకు గొంతులోని స, శ అక్షరాలతో కొట్లాడుతుంది. పిక్ 0.50 నుంచి 0.60 మిల్లీమీటర్ల పల్చటిది. 1, 3 మీద ఒక్క మంద్ర తీగ, 2, 4 మీద పై మూడు నాలుగు తీగలే. సి కార్డులో అయితే 1 మీద అయిదో తీగ మూడో ఫ్రెట్టు, 3 మీద ఆరో తీగ మూడో ఫ్రెట్టు. ఆరు తీగలనూ ప్రతి బీటుకూ ఊడ్చేస్తే బాస్‌కు చోటుండదు. మైకును 12వ ఫ్రెట్టుకు ఎదురుగా, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. సౌండ్‌హోల్ వైపు తిప్పితే 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య గుమ్మని ఊరుతుంది, దాన్ని తర్వాత ఈక్వలైజర్‌తో తీసినా గిటార్ బోలుగా మిగులుతుంది.

దానికి తోడుగా రెండో గిటార్ కావాలంటే అదే ట్యూనింగ్‌లో మళ్ళీ వాయించకండి. నాష్‌విల్‌లో హై-స్ట్రంగ్ అనేది ఒకటుంది. మొదటి రెండు తీగలు మామూలుగానే ఉంటాయి. మిగతా నాలుగూ ఒక అష్టకం (ఆక్టేవ్) పైకి. పన్నెండు తీగల గిటార్ సెట్టులోని సన్న తీగలు దీనికి సరిపోతాయి. మొదటి తీగ నుంచి వరుసగా మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 10, 14, 9, 12, 18, 27. మూడో తీగ 9 కాబట్టి తొందరపడి బిగిస్తే తెగుతుంది. దాన్ని ఆఖరున, నెమ్మదిగా శృతికి తీసుకురండి. మామూలు మూడో తీగనే అష్టకం పైకి బిగిద్దామనుకుంటే ఖాయంగా తెగుతుంది, గిటార్ పొట్ట మీద తీగలు ఆనే బ్రిడ్జ్ మీద కూడా భారం పడుతుంది. ఈ గిటార్‌కు మంద్రం ఉండదు కాబట్టి మిక్స్‌లో గొంతుకు అడ్డు రాకుండా మెరుపు మాత్రం ఇస్తుంది. వినీ వినిపించనంత తక్కువలో పెట్టండి. మ్యూట్ చేసినప్పుడు ఏదో పోయిందనిపిస్తే మోతాదు సరిపోయినట్టే.

బాస్ బారుకు రెండు స్వరాలు, స, ప. నిలువు బాస్ దొరకకపోతే ఎలక్ట్రిక్ బాస్‌కు ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు ఉన్న) తీగలు వేసి, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న ఫోమ్ ముక్క దూర్చండి. స్వరం పలికి అర సెకను లోపు ఆరిపోవాలి. దీని మీద టిక్-టాక్ అనే పొర ఒకటి వేస్తారు. హెరాల్డ్ బ్రాడ్లీ ఆరు తీగల బాస్ గిటార్ మీద, అరచేతి అంచును బ్రిడ్జ్ మీద ఆనించి, పిక్‌తో నిలువు బాస్ స్వరాలనే జంటగా వాయించేవాడు. బాస్ ఇచ్చేది బరువు, టిక్-టాక్ ఇచ్చేది అంచు. చిన్న రేడియో స్పీకర్లో కూడా బాస్ లైను వినబడేది ఈ అంచు వల్లే. ఆరు తీగల బాస్ లేనివాళ్ళు మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మంద్ర తీగల మీద, బాస్‌కు ఒక అష్టకం పైన, అరచేత్తో నొక్కి వాయించవచ్చు. 150 హెర్ట్జ్ కింద కోసేసి 1 కిలోహెర్ట్జ్ చుట్టూ కొంచెం పెంచండి. ఇక్కడ జరిగే తప్పు సమయానిది. రెండింటి మధ్య 20 మిల్లీసెకన్లు దాటితే "టిక్", "డుమ్" విడివిడిగా వినిపిస్తాయి. ఇద్దరూ ఒకే గదిలో ఒకరి చెయ్యి ఒకరు చూసుకుంటూ వాయిస్తే ఈ బెడదే ఉండదు. వేరువేరుగా రికార్డు చేస్తే స్క్రీన్ మీద ప్రతి స్వరాన్నీ జూమ్ చేసి జరపాల్సి వస్తుంది.

డ్రమ్స్‌లో బ్రష్‌లు వాడండి. స్నేర్ మీద పల్చని తువ్వాలు పరిస్తే మోత ఆరిపోయి పాతకాలపు "తప్" మిగులుతుంది. రైలు నడకంటే బారుకు పదహారు చిన్న దెబ్బలు, బరువు 2, 4 మీద, కిక్ మెత్తగా 1, 3 మీద. క్రాష్ సింబల్ గదిలోంచి బయటికి పంపేయండి. మైకులు రెండు చాలు: స్నేర్‌కు మీటరు ఎత్తున ఒకటి, కిక్ ముందు ఒకటి. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ కుదరకపోతే గట్టి అట్టపెట్టె మీద బ్రష్‌లు, చేతిలో షేకర్. నెమ్మది పాటలకు ఇది నిజంగానే సరిపోతుంది.

పియానోకు ఒక్క ఎత్తు నేర్చుకుంటే చాలు. ఫ్లాయిడ్ క్రేమర్ పేరు మీద ప్రసిద్ధమైన స్లిప్-నోట్. సి కార్డులో చిటికెన వేలితో జి పట్టుకుని, కింది వేళ్ళతో డి తాకీ తాకగానే ఇ మీదకు జారాలి. మన లెక్కలో ప నిలబడి ఉండగా రి నుంచి గకు జారు. డి మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగినా తప్పుడు స్వరంలా వినిపిస్తుంది.

ఇక పెడల్ స్టీల్, అంటే కాలి పెడళ్ళతో తీగల శృతి మార్చే స్టీల్ గిటార్. దీని ఇ-నైన్ ట్యూనింగ్‌లో పది తీగలుంటాయి. మొదటి పెడల్ నొక్కితే బి తీగలు ఒక స్వరం, రెండోది నొక్కితే జి షార్ప్ తీగలు అరస్వరం పైకెళ్తాయి. రెండూ కలిపి నొక్కితే ఇ మేజర్ కార్డు కదలకుండానే ఎ మేజర్ అవుతుంది. ఆ ఏడుపు అక్కడి నుంచి వస్తుంది: ఒక తీగ నిలబడి ఉంటే పక్క తీగ జారుతుంది. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి వాయించేవాళ్ళకు ట్రాక్ పంపి చేయించుకోవడం మేలు. గొంతు, రిదమ్ గిటార్ మాత్రమే ఉన్న 24-బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, రెండు బార్ల కౌంట్, నంబర్ చార్టు పంపండి. ఏ గళ్ళలో వాయించాలో గుర్తు పెట్టి పంపండి. లేకపోతే పాట పొడవునా వాయించి పంపుతారు, అందులోంచి ఏరడం మీ నెత్తిన పడుతుంది.

పెడళ్ళు లేకుండా ఒళ్ళో పెట్టుకుని వాయించే లాప్ స్టీల్ అయితే మన దగ్గర పరాయిది కాదు. హవాయి గిటార్ విద్వాంసుడు టౌ మో 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. పాత సినిమా పాటల్లో జారుతూ వినిపించేది ఆ వాయిద్యమే. హవాయిన్ గిటార్ వాయించేవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే కంట్రీ ఫిల్స్ (ఖాళీల్లో వేసే ముక్కలు) వాళ్ళ చేత వాయింపజేయండి. ఒక్కటే సూచన: గమకంతో స్వరాన్ని ఊపకుండా, కింది నుంచి జారి స్వరం మీద నిలిచి, ఆరిపోయే ముందు మాత్రమే కాస్త వణికించాలి.

గది, కరెంటు, తేమ

రికార్డింగ్ గదిని నిర్జీవం చేయకండి. గాయని వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీసి, బట్టలున్న బీరువా తలుపు తెరిచి పెట్టి, మిగతా గదిని అలాగే వదలండి. ఫ్యాన్ ఆపాల్సిందే. గదిని ముందే చల్లబరిచి, ఏసీ కూడా ఆపేసి, ఇరవై నిమిషాల చొప్పున పని చేయండి. కండెన్సర్ మైకు పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా వదలదు కాబట్టి రాత్రి పదకొండు తర్వాత సమయం మంచిది.

ఎలక్ట్రిక్ గిటార్‌లో 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ముందు ఫ్యాన్ రెగ్యులేటర్, లైటు డిమ్మర్ ఆపి చూడండి. సింగిల్-కాయిల్ పికప్ ఉన్నవాళ్ళు కుర్చీని నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే ఒక కోణంలో హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడ నేల మీద టేపు అంటించుకోండి. లాప్‌టాప్ చార్జర్ వల్ల వచ్చే జుమ్మనే శబ్దానికి బ్యాటరీ మీద నడపడమే సులువైన మందు. అది తగ్గిందంటే సాకెట్‌లో ఎర్తింగ్ సరిగా లేదేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

అకూస్టిక్ గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో పైచెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, శృతి అరగంట నిలవదు. హైదరాబాద్ ఎండాకాలంలో చెక్క కుంచించుకుని ఫ్రెట్టు అంచులు వేళ్ళకు గీసుకుంటాయి. పెట్టెలో చిన్న తేమ మీటరు, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు. రికార్డింగ్ రోజు గిటార్‌ను గంట ముందే పెట్టెలోంచి తీసి ఆ గదిలో ఉంచండి.

గొంతు

ఆల్బమ్‌లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు 15 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, నోటికి సూటిగా కాక పై పెదవి ఎత్తులో కొంచెం కిందికి వంచి పెట్టాలి. రికార్డింగ్ స్థాయి పై అంచులు మైనస్ 12 డీబీ (డెసిబెల్స్) దగ్గర ఉంటే చాలు. రిబ్బన్ మైకు ఉంటే ఇంకా మంచిది, కానీ దగ్గరికి వెళ్ళే కొద్దీ మంద్రం ఉబ్బుతుంది. 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగి పాడండి.

కర్ణాటక సంగీతం నేర్చిన గొంతులకు ఇక్కడ ఒక అలవాటు మార్చుకోవాలి. గాంధారం, నిషాదం కదలకుండా నిలబడాలి. పాశ్చాత్య హార్మొనీలో తోడు గొంతు ఆ స్వరం మీదే కూర్చుంటుంది. అది ఊగితే ఇద్దరి మధ్య శృతి చెడుతుంది. మాటను ముందు మామూలుగా మాట్లాడినట్టు చదివి, అదే విరుపుతో పాడండి. పాడుతున్నామన్న స్పృహ ఎక్కువైన టేకుల్లో ఈ పాటలు పడిపోతాయి.

గిటార్ వాయిస్తూనే పాడే పాటలను అలాగే రికార్డు చేయడం మంచిది, లయ బిగువు దానికదే వస్తుంది. ఫిగర్-8 మైకులు (ముందు, వెనకల నుంచి మాత్రమే వినేవి) రెండు ఉంటే, గొంతు మైకు పక్కభాగం గిటార్ వైపు, గిటార్ మైకు పక్కభాగం నోటి వైపు ఉండేలా వంచండి. ఫిగర్-8 పక్కల నుంచి వినదు కాబట్టి కలగలుపు బాగా తగ్గుతుంది. అయితే తర్వాత గొంతును ఆటోట్యూన్ చేస్తే గిటార్ మైకులోకి చేరిన అసలు గొంతు పక్కనే వినిపించి రెండు నీడల్లా అవుతుంది. ఈ పద్ధతిలో టేకు మొత్తం నచ్చితేనే ఉంచాలి. పాటకు అయిదు టేకులు, అంతే. ఆరో టేకు నుంచి గొంతు శుభ్రపడుతుంది గానీ పాట తగ్గుతుంది.

తోడు గొంతు చాలావరకు పైన మూడో స్వరం. పల్లవికే పరిమితం చేయండి. నలుగురు కోరస్ ఉంటే ఒకే మైకు చుట్టూ 60 నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, గట్టిగా పాడేవాళ్ళను వెనక్కి జరపండి. నలుగురికీ నాలుగు మైకులిస్తే నలుగురు మనుషులు వినిపిస్తారు. ఒక మైకు దగ్గర ఒక్క కోరస్ వినిపిస్తుంది.

ఎకో, రివర్బ్

పాత రికార్డుల్లో గొంతు వెంట వచ్చే ఆ ఒక్క ప్రతిధ్వని టేపు యంత్రానిది. రికార్డు హెడ్డుకు, ప్లేబ్యాక్ హెడ్డుకు మధ్య దూరాన్ని టేపు వేగంతో భాగిస్తే ఎంత ఆలస్యమో తెలుస్తుంది. హెడ్ల మధ్య 2 అంగుళాలు, వేగం సెకనుకు 15 అంగుళాలు అయితే 133 మిల్లీసెకన్లు. 7.5 అంగుళాల వేగానికి 267. మీ డిలే ప్లగిన్‌లో ఈ అంకెలే పెట్టండి. ఒక్క రిపీట్. 200 హెర్ట్జ్ కింద, 3.5 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. గొంతు కంటే 12 నుంచి 15 డీబీ తక్కువలో ఉంచండి. మాటలు త్వరగా నడిచే పాటకు 133, 12/8 నెమ్మది పాటకు 267. పొడవైన డిలేను త్వరగా నడిచే పాటకు పెడితే ముందు మాట తోక తర్వాతి మాట మీద పడి రెండూ అర్థం కావు. ప్లగిన్‌లోని టెంపో సింక్ ఆపేయండి. ఆనాటి యంత్రానికి పాట వేగం తెలియదు, బీటుకు అతకని ఆ ఆలస్యం వల్లే ప్రతిధ్వని విడిగా వినబడుతుంది.

రివర్బ్ (గది మోత) కోసం ప్లేట్. 1957లో వచ్చిన ఇఎమ్‌టి 140లో ఒకటికి రెండు మీటర్ల ఉక్కు రేకు వేలాడుతూ కంపించేది. ప్లగిన్‌లో ప్లేట్ ఎంచుకుని, నిడివి 2 నుంచి 2.5 సెకన్లు, ముందు 100 మిల్లీసెకన్ల ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) పెట్టండి. రివర్బ్‌లోకి వెళ్ళే ధ్వనిలో 500 హెర్ట్జ్ కింద తీసేయండి. ఈ ఒక్క కోత లేకే ఇంట్లో చేసిన మిక్స్‌లు మసకబారతాయి. గొంతు, స్టీల్, స్ట్రింగ్స్, స్నేర్ అన్నీ ఒకే ప్లేట్‌లోకి పంపాలి. వాయిద్యానికో రివర్బ్ పెడితే అందరూ వేరువేరు ఇళ్ళలో కూర్చున్నట్టుంటుంది. బాస్‌కు, కిక్‌కు ఏమీ వద్దు.

నిజమైన ఎకో ఛాంబర్ కూడా చేసుకోవచ్చు. 1950ల చివర్లో ఫీనిక్స్‌లో డువేన్ ఎడ్డీ గిటార్ కోసం పెద్ద నీళ్ళ ట్యాంకు కొని తెచ్చి, ఒక చివర స్పీకరు, ఇంకో చివర మైకు పెట్టారు. మనకు అపార్ట్‌మెంట్ మెట్లదారి, టైల్స్ వేసిన బాత్రూమ్ ఉన్నాయి. స్పీకరును మూలకు తిప్పి పెట్టి, మైకును వీలైనంత దూరంలో, స్పీకరుకు వీపు చూపిస్తూ పెట్టండి. గొంతు ట్రాక్ ఒక్కటే మోగించి, మెట్లదారి ధ్వనిని కొత్త ట్రాక్‌గా రికార్డు చేయండి. బకెట్లు, మగ్గులు, తువ్వాళ్ళు తీసేస్తే బాత్రూమ్ మోత పొడవవుతుంది.

మిక్స్

గొంతు, బాస్, టిక్-టాక్, కిక్ మధ్యలో. రిదమ్ గిటార్ పూర్తిగా ఎడమకు, హై-స్ట్రంగ్ పూర్తిగా కుడికి, స్టీల్ ఒక పక్క, పియానో ఇంకో పక్క. మధ్యకూ పక్కకూ నడుమ ఉండే స్థానాలు వాడకండి. నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో బి లాంటి చోట్ల మూడు ట్రాకుల టేపు రోజుల్లో ఎడమ, మధ్య, కుడి అంతే ఉండేది. ప్రతి అరగంటకూ మోనోలోకి మార్చి, ఫోన్ స్పీకర్‌లో వినండి. మోనోలో గిటార్లు మాయమైతే ఫేజ్ చెడిందని, అంటే రెండు ట్రాకుల అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం, ఒకదాని పోలారిటీ తిప్పి చూడాలి.

గొంతుకు కంప్రెసర్ (గట్టి చోట్లను తగ్గించేది) 3:1, తగ్గింపు 3 నుంచి 4 డీబీ. మిగిలిన హెచ్చుతగ్గులు ఫేడర్‌తో చేత్తో సరిదిద్దండి. మాట చివరి అచ్చు వినబడకపోతే ఆ అక్షరం ఒక్కటే 2 డీబీ పెంచాలి. తెలుగు పాటలో ఈ పని ఎక్కువ, ఎందుకంటే మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఊపిరి తగ్గేది కూడా అక్కడే. టేపు శాచురేషన్ (గట్టిగా రికార్డు చేసిన టేపు ఇచ్చే మెత్తని వక్రత) కావాలంటే మొత్తం మిక్స్ మీద ఒకే ఒక్కటి, తీసేస్తేనే తేడా తెలిసేంత.

మాస్టర్ స్ట్రీమింగ్‌కు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే సగటు బిగ్గరతనానికి కొలత) చుట్టూ, శిఖరం మైనస్ 1 డీబీ. ఇంతకంటే గట్టిగా నొక్కితే బ్రష్‌ల చప్పుడు గొంతంత ఎత్తుకు లేస్తుంది.

వరుస, హక్కులు, రికార్డు

హక్కుల కాగితం రికార్డింగ్ రోజే రాసుకోండి: మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, ఎంత శాతం, వాద్యకారులకు ఇచ్చింది ఎంత. రచయితలు, స్వరకర్తలు వాళ్ళ తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోవచ్చు. ప్రతి ట్రాకుకూ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సి గుర్తింపు కోడ్ కావాలి, పాటలను స్ట్రీమింగ్ సైట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లు సాధారణంగా వాళ్ళే ఇస్తారు. పాత పాట ఏదైనా మళ్ళీ పాడుతుంటే, జానపదమని చెప్పినా దాని అరేంజ్‌మెంట్‌కు వేరే యజమాని ఉండవచ్చు, ముందే చూసుకోండి. విడుదల తేదీకి నాలుగు వారాల ముందు అప్‌లోడ్ చేయండి.

వినైల్ తీసే ఉద్దేశం ఉంటే వరుస దాని ప్రకారమే వేయాలి. రికార్డు ఒక్కో పక్కకు 18 నుంచి 20 నిమిషాలు దాటనివ్వకండి. రెండున్నర నిమిషాల పాటలు అయిదో ఆరో అయితే ఆ లోపే సరిపోతాయి. నిమిషాలు పెరిగితే గాడులు దగ్గరై ధ్వని స్థాయి తగ్గించాల్సి వస్తుంది. పన్నెండు అంగుళాల రికార్డు బయటి అంచున గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లేబుల్ దగ్గర 21 మాత్రమే. లోపలికి వెళ్ళే కొద్దీ పై స్వరాలు అరిగిపోయి స, శ, ష చిరచిరలాడతాయి. కాబట్టి రైలు నడక పాటతో పక్క మొదలుపెట్టి, గిటార్, గొంతు మాత్రమే ఉన్న నెమ్మది పాటతో ముగించండి. 150 హెర్ట్జ్ కింద అంతా మోనోలో ఉండాలి, లేకపోతే సూది గెంతుతుంది.

టెస్ట్ ప్రెస్సింగ్ వచ్చాక రెండు మూడు వేర్వేరు టర్న్‌టేబుల్స్ మీద, ప్రతి పక్కా చివరి పాట నుంచి మొదలుపెట్టి వినండి. చిరచిర ఒక యంత్రం మీదే వస్తే అది సూది అమరిక తప్పు. అన్నిటి మీదా అదే మాట దగ్గర వస్తే, ఆ పాటలో డీ-ఎస్సర్‌ను (స, శ చిరచిరను తగ్గించే ప్లగిన్) ఇంకో 2 డీబీ పెంచి ఆ పక్క మళ్ళీ కట్ చేయమని అడగండి. ఆర్డరు మొత్తం అచ్చయ్యాక అడగడానికి ఏమీ ఉండదు.